ఏ మద్దెలకు ఆ శ్రుతి

కచేరీ ఆరంభమునకు ముందు మృదంగ విద్వాంసుడు చేయు పని శ్రోతలకు సుపరిచితమే. తంబురా మోగుచుండగా ఆయన ఒక చిన్న రాతిని, కొయ్యముక్కను చేతబట్టి, కుడి మూత అంచునగల అల్లికను చుట్టును తట్టుచు, మధ్య మధ్య వ్రేలితో మీటి వినుచుండును. పైనుండి క్రిందికి తట్టినచో తోలు బిగిసి శ్రుతి హెచ్చును. క్రిందినుండి పైకి తట్టినచో సడలి తగ్గును. ఆ పిమ్మట ఎడమ మూతకు రవ్వముద్ద నద్ది, దాని బరువును హెచ్చించియు తగ్గించియు ఆ వైపు నాదమును వేరుగా సరిచూచుకొనును. కుడి మూత గాయకుని షడ్జమమును పలుకవలెను. ఎడమ మూత మంద్రమున గంభీరముగా మ్రోగవలెను. ఒకే వాద్యమున రెండు ముఖములు, రెండు శ్రుతులు, రెండు వేర్వేరు పద్ధతులు.

మరి తోలు లేని మద్దెల మాట యేమి? విద్యుత్తుతో పలుకు డ్రమ్ము యంత్రములు ప్రపంచమున వ్యాప్తిలోనికి వచ్చి అర్ధశతాబ్దము దాటినది. వానిలో పాతవానికి పెక్కింటికి ధ్వని హెచ్చుతగ్గుల మీటలు మాత్రమే కలవు. శ్రుతి మీటలు లేవు. అట్టి యంత్రమునకు ఒక్కొక్క డ్రమ్మునకు ఒక్కొక్క శ్రుతి మీట చొప్పున అమర్చుట ఎట్లు, అందు తెలిసికొనదగిన సూక్ష్మమేమి, జాగ్రత్తలేమి అనునది ఈ ప్రసంగ విషయము.

ఈ విషయమును మొగల్తూరు వంటి ఊరిని దృష్టియందుంచుకొని చెప్పుటకు కారణము కలదు. నరసాపురమునకు చేరువనున్న ఈ ఊరు పశ్చిమ గోదావరి జిల్లా సముద్రతీరమునకు సమీపమున నున్నది. పేరుపాలెము కడలితీరము ఈ మండలములోనిదే. చిత్రసీమకు కృష్ణంరాజును, చిరంజీవిని ఇచ్చిన ఊరుగా దీని పేరు తెలుగువారందరు ఎరుగుదురు. వాద్యకారునికి మాత్రము ఇట్టి ఊరు వేరొక విధముగా గుర్తుండును: అది గాలిలోని తేమ. వాన ముసురు పట్టిన దినమున తోలు తేమను పీల్చి సడలును. డప్పు మ్రోగక దబదబలాడును. అందుచేతనే డప్పు కళాకారులు మంట వేసి, దాని సెగకు డప్పును కాచి, శ్రుతికి తెచ్చుకొందురు. డప్పునకు నిప్పుసెగ, మృదంగమునకు రాయి, తబలాకు చిన్న సుత్తి - ఇవియే మన పెద్దలు ఎరిగిన శ్రుతి మీటలు. 2022 వరకు ఈ జిల్లాకు కేంద్రముగానుండిన ఏలూరు పట్టణము మృదంగ విదుషి దండమూడి సుమతిగారి పుట్టినిల్లు. 2021లో పద్మశ్రీ పురస్కారమునందిన ఆమెవంటివారి చేతిలో శ్రుతి యన్నది వాద్యమునకు ప్రాణము. యంత్రము ఆ ప్రాణమును పొందజాలదు గాని, శ్రుతికి అడ్డు తగులకుండ ఉండుట నేర్వగలదు.

మొదట, డ్రమ్మునకు శ్రుతి యెట్లు కలుగునో చూతము. బిగించిన తోలు తీగవంటిది కాదు. తీగ పలికినపుడు మూలస్వరముతోపాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు కంపనములుగల స్వరములు కూడ పలుకును. ఇవి పరస్పరము పొసగియుండుటచే చెవి వానినన్నిటిని కలిపి ఒకే స్వరముగా గ్రహించును. ఎల్లెడల సమానముగానున్న గుండ్రని తోలు అట్లు కాదు. దాని కంపనములు 1, 1.59, 2.14, 2.30 అను విధమున ఒకదానితో నొకటి పొసగని నిష్పత్తులలో నుండును. అందుచే సామాన్యమైన డోలు దెబ్బలో స్పష్టమైన స్వరము కంటె చప్పుడు పాలు హెచ్చు. మృదంగము, తబలా మూతల నడుమ నల్లని మందును పొరలుపొరలుగా పట్టించుటలోని రహస్యమిదియే. బాల్యమున విశాఖపట్టణములో చదివిన సి. వి. రామన్ 1920లో ఒక సహచరునితో కలిసియు, తరువాత 1934లో తానుగాను ఈ విషయమును పరిశోధించి ప్రకటించెను. ఆ నల్లని పూత బరువు తోలు కంపనములను మూలస్వరమునకు ఇంచుమించు పూర్ణ గుణిజములుగా దిద్దుచున్నదని ఆయన నిరూపించెను. కాబట్టి మన మద్దెలలు కేవలము తాళవాద్యములు కావు, స్వరవాద్యములు కూడ. శ్రుతి తప్పిన మద్దెల మన చెవికి ముల్లువలె గుచ్చుకొనుటకు హేతువిదియే.

ఇక యంత్రముల సంగతి. 1959లో అమెరికాలోని వుర్లిట్జర్ సంస్థ ‘సైడ్‌మ్యాన్’ అను తాళయంత్రమును విక్రయమునకు తెచ్చినది. అందొక చక్రము తిరుగుచు, దానిపైనున్న స్పర్శల మూలమున వాల్వు వలయములను మ్రోగించెడిది. తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చి యంత్రములు చిన్నవయ్యెను. జపానులో ఇకుతారో కకెహాషి 1972లో స్థాపించిన రోలాండ్ సంస్థ 1980లో టి.ఆర్.-808 అను యంత్రమును, ఆ వెంటనే దానికి తమ్మునివంటి చిన్నదియు చౌకదియునగు టి.ఆర్.-606 ను వెలువరించినది. 1982లో బొంబాయి సంగీతజ్ఞుడు చరణ్‌జిత్ సింగ్ ఈ 808 యంత్రముతోను, మరి రెండు రోలాండ్ యంత్రములతోను పది రాగములను రికార్డు చేసెను. ఆనాడు ఎవరును పెద్దగా పట్టించుకొనని ఆ రికార్డును కొన్ని దశాబ్దముల పిమ్మట ప్రపంచమంతయు వెదకి వినినది. ఇంచుమించు ఆ కాలముననే బెంగుళూరు రాడెల్ సంస్థ మన సంగీతమునకై విద్యుత్ తంబురాను, తరువాత తబలా యంత్రమును తయారుచేసినది. తబలా యంత్రములకు శ్రుతి మీట ఆదినుండియు తప్పనిసరి యయ్యెను. ఏలయన మన గాయకుడు దానిని మొదట అడుగును. పాశ్చాత్య యంత్రములకు అట్టి నిర్బంధము లేదు. 808 లో టామ్ డ్రమ్ములకు విడివిడిగా శ్రుతి మీటలు కలవు. 606 లో ఏ డ్రమ్మునకును లేవు. ధ్వని పరిమాణపు మీటలే కలవు. వెల తగ్గించుటకై తయారీదారులు మీటలను విడిచి, వాని స్థానమున మారని రెసిస్టర్లను అతికిరి. ఈనాడు మనము చేయబోవు మార్పు, నాడు పొదుపునకై విడిచిన మీటను తిరిగి పెట్టుటయే.

ఆ యంత్రములో డ్రమ్ము ఎట్లు మ్రోగును? ఊయలను తలచుకొనుడు. ఒక్కసారి త్రోసి విడిచినచో అది తన వేగముతో అటునిటు ఊగుచు, క్రమముగా తగ్గి నిలిచిపోవును. ఎంత గట్టిగా త్రోసినను ఊగు వేగము మారదు. అది త్రాటి పొడవును బట్టి యుండును. యంత్రములోని డ్రమ్ము ధ్వనికి మూలము అట్టి విద్యుత్ ఊయలయే. తాళము పడవలసిన క్షణమున ఒక చిన్న విద్యుత్ తాకిడి దానిని త్రోయును. అది సెకనుకు ఇన్నిమార్లని ఊగుచు, ఊగుచు అణగిపోవును. ఆ ఊపును పెద్దదిచేసి స్పీకరునకు అందించినచో ‘దుం’ అని వినవచ్చును.

ఈ ఊయల కూర్పు చాల సరళమైనది. ఒక యాంప్లిఫయరు, దాని వెలుపలి కొసనుండి లోపలి కొసకు వరుసగా రెండు కండెన్సర్లు, ఆ రెండింటి నడిమి నుండి భూమికి, అనగా సున్న వోల్టుల తీగకు, ఒక రెసిస్టరు, ఆ రెండు కండెన్సర్ల కొసలను కలుపుచు వంతెనవలె మరియొక పెద్ద రెసిస్టరు. శ్రుతిని నిర్ణయించునవి ఈ నాలుగే. మొదటి రెసిస్టరును ‘నేల రెసిస్టరు’ అనియు, రెండవదానిని ‘వంతెన రెసిస్టరు’ అనియు ఈ ప్రసంగమున పిలుచుకొందము.

సూత్రము ఇది: రెండు కండెన్సర్లు సమానమైనపుడు, రెండు రెసిస్టర్ల విలువలను గుణించి వర్గమూలము తీసి, దానిని కండెన్సరు విలువతోను, 6.28 తోను గుణించి, వచ్చినదానితో 1 ని భాగించినచో సెకనుకు కంపనముల సంఖ్య వచ్చును. ఉదాహరణకు కండెన్సర్లు 0.015 మైక్రోఫారడులు, నేల రెసిస్టరు 6.8 కిలో ఓములు, వంతెన రెసిస్టరు 10 లక్షల ఓములు అనుకొందము. సెకనుకు సుమారు 129 కంపనములు వచ్చును. ఒకటి శ్రుతి షడ్జమమునకు 131 కంపనములు కనుక ఇది దానికి మిక్కిలి చేరువ.

ఇందు వర్గమూలము ఉన్నదని మరువరాదు. నేల రెసిస్టరును రెట్టింపు చేసినచో శ్రుతి సగము కాదు. ఒక స్థాయి దిగవలెనన్న దానిని నాలుగింతలు చేయవలెను. ఒక స్థాయి ఎక్కవలెనన్న నాలుగవ వంతు చేయవలెను. షడ్జమమునుండి పంచమమునకు పోవుటకు శ్రుతి ఒకటిన్నర రెట్లు కావలెను. అందుకు రెసిస్టరును రెండుంబాతిక వంతుల కొకవంతుగా, అనగా 6.8 నుండి సుమారు 3 కిలో ఓములకు తగ్గించవలెను.

మార్చవలసినది నేల రెసిస్టరునా, వంతెన రెసిస్టరునా? ఈ పనిలో ముఖ్యమైన ప్రశ్న ఇదియే. శ్రుతి మాత్రమే చూచినచో ఏది మార్చినను ఒకటే. కాని డ్రమ్మునకు శ్రుతియే కాక కార్వ కూడ కలదు, అనగా నాదము ఎంతసేపు నిలిచి అణగుననునది. లెక్క వేసి చూచినచో ఒక చక్కని సంగతి బయటపడును. ఈ కూర్పులో నాదము అణగు కాలము కండెన్సరు విలువను, వంతెన రెసిస్టరు విలువను గుణించినంత మాత్రమే. నేల రెసిస్టరునకు అందు ప్రమేయము లేదు. పై ఉదాహరణలో అది సెకనులో 1000 వంతులకు 15 వంతులు. నాదము వెయ్యవ వంతుకు క్షీణించుటకు సుమారు 0.1 సెకను పట్టును. కాబట్టి నేల రెసిస్టరును మార్చినచో కార్వ చెడకుండ శ్రుతి మాత్రమే మారును. వంతెన రెసిస్టరును మార్చినచో శ్రుతితోపాటు కార్వయు మారి, శ్రుతి హెచ్చినకొలది డ్రమ్ము ‘టక్కు’మని పొట్టిదగును. కొన్ని యంత్రములలో నాదమును పొడిగించుటకై వేరు ఏర్పాట్లు కలిసియుండుటచే లెక్క ఇంత ఖచ్చితముగా నిలువదు. ఐనను నేల రెసిస్టరును పట్టుకొనుటయే మేలైన మార్గము.

ఇప్పుడు పని క్రమము. యంత్రముతోపాటు లభించు సర్వీసు పటమును ముందుంచుకొని, ఒక్కొక్క డ్రమ్ము ఊయలను గుర్తించి, దాని నేల రెసిస్టరు ఏదో నిర్ణయించుకొనవలెను. దాని సంఖ్యను, విలువను ఒక కాగితముపై వ్రాసి, అచ్చటి ఛాయాచిత్రము తీసి ఉంచుకొనవలెను. పిమ్మట ఆ రెసిస్టరును కాచి పైకి తీసి, దాని స్థానమున ఒక చిన్న రెసిస్టరును, దానికి వరుసగా ఒక పొటెన్షియోమీటరును కలుపవలెను. మన రేడియోలో ధ్వనిని హెచ్చించు మీట క్రింద ఉండునది ఈ పొటెన్షియోమీటరే. పై ఉదాహరణలో 2.7 కిలో ఓముల రెసిస్టరు, 10 కిలో ఓముల పొటెన్షియోమీటరు తగును. మీట ఒక కొసనున్నపుడు మొత్తము 12.7 కిలో ఓములు. శ్రుతి సుమారు 94. మరియొక కొసన 2.7 మాత్రమే, శ్రుతి సుమారు 204. మంద్ర పంచమమునకు 98, దానిపై పంచమమునకు 196 కంపనములు. అనగా మీట త్రిప్పుటలో ఒక స్థాయి నిండుగా లభించి, రెండు కొసలను కొంచెము మిగులును. పురుషుల ఒకటి శ్రుతియు, స్త్రీల అయిదు శ్రుతియు ఈ మీటలో ఇముడును.

ఆ చిన్న రెసిస్టరును విడిచిపెట్టరాదు. అది లేనిచో మీట కొసకు వచ్చినపుడు నేల రెసిస్టరు సున్న యగును. కండెన్సర్ల నడిమి స్థానము నేరుగా భూమిని తాకి ఊయల ఆగిపోవును. దానిని యంత్రపు పలకపైననే అతికి, అచ్చటినుండి మాత్రమే తీగను మీటవరకు తీయవలెను. పొటెన్షియోమీటరు రెండవ కొస భూమికి పోవలెను. ఇట్లు చేసినచో పొడవాటి తీగ బయటి గుర్రుమను శబ్దమును పీల్చుకొనుట తగ్గును.

మీట ఎట్టిది కావలెనన్నది ఇంకొక సూక్ష్మము. సమానముగా మారు పొటెన్షియోమీటరు వాడినచో స్వరములన్నియు మీట ఒక కొసన క్రిక్కిరిసి, రెండవ కొసన విరళముగా పరచుకొనును. రేడియో ధ్వని మీటలో వాడు ‘లాగ్’ రకమును వాడినచో స్వరములు ఇంచుమించు సమానమైన ఎడముతో వచ్చును. కాని కుడికి త్రిప్పినకొలది శ్రుతి తగ్గును. కుడికి త్రిప్పిన హెచ్చవలెనన్నచో ‘యాంటీ లాగ్’ రకము కావలెను.

ఈ పద్ధతి బాస్ డ్రమ్ము, స్నేర్ డ్రమ్ము, టామ్ డ్రమ్ములకు సరిపోవును. తాళపు చిప్పలవంటి ధ్వనులకు సరిపోదు. 606, 808 యంత్రములలో చిప్పల ధ్వని ఆరు చదరపు తరంగముల సమ్మేళనమునుండి పుట్టును. ఆ ఆరును అన్ని చిప్పలకు ఉమ్మడి. ఒకదానిని మార్చినచో అన్నియు మారును. కాబట్టి అచ్చట ‘ఒక్కొక్కదానికి ఒక్కొక్క మీట’ అను మాట పొసగదు. వానిని ఉన్నట్లు ఉంచుటయే మంచిది.

నిజమైన డ్రమ్ము ధ్వనిని అంకెలుగా మార్చి గుర్తుంచుకొను యంత్రములు వేరొక జాతి. 1980లో రోజర్ లిన్ రూపొందించిన ఎల్.ఎం.-1 వానిలో మొదటిది. వీనిలో ఊయల లేదు. నిలువయుంచిన అంకెలను ఒక గడియారపు వేగముతో చదువుటయే కలదు. ఆ గడియారమును త్వరపరచినచో శ్రుతి హెచ్చును, మందగింపజేసిన తగ్గును. కాని గ్రామఫోను రికార్డును నిర్ణీత వేగముకంటె త్వరగా త్రిప్పినపుడు గొంతు సన్నబడి పాట త్వరగా ముగిసినట్లే, ఇచ్చట శ్రుతితోపాటు ధ్వని పొడవును మారును. రెండింటిని విడదీయుట ఈ పద్ధతిలో సాధ్యము కాదు. అదియును గాక, అన్ని డ్రమ్ములకు ఒకే గడియారము గల యంత్రములో విడివిడి మీటలు పెట్టవలెనన్న ఒక్కొక్క డ్రమ్మునకు ఒక్కొక్క గడియారమును కొత్తగా నిర్మింపవలెను. అది అనుభవజ్ఞుల పని.

జాగ్రత్తల మాట ముఖ్యము. గోడలోని విద్యుత్తుతో నేరుగా నడచు యంత్రమును విప్పుట ప్రాణాపాయకరము. తీగను ఊడదీసిన పిమ్మట కూడ పెద్ద కండెన్సర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. వీనిని తెలిసినవారికే అప్పగింపవలెను. రెండవది, పాత యంత్రములు ఇప్పుడు మరల తయారగుటలేదు. వాని పెట్టెకు తూట్లు పొడిచిన పిమ్మట పూడ్చుట లేదు. కాబట్టి మీటలను వేరొక చిన్న పెట్టెలో అమర్చి, తీగలతో కలుపుట శ్రేయస్కరము. తీసిన రెసిస్టర్లను ఒక పొట్లములో కట్టి యంత్రముతోనే ఉంచినచో, మరియొక తరమువారు కావలసినపుడు దానిని పూర్వస్థితికి తేగలరు. మూడవది, సముద్రపు గాలి. మొగల్తూరు వంటి తీరప్రాంతములలో తేమయు ఉప్పును లోహమును తినివేయును. నాసిరకపు పొటెన్షియోమీటరు కొన్ని నెలలలోనే గరగరలాడును. మూతగల మేలురకమును వాడి, యంత్రమును వాడనపుడు గుడ్డచుట్టి పెట్టెలో ఉంచుట మంచిది. తోలు మద్దెలను తేమ సడలించినట్లే, ఈ మద్దెలను కూడ తేమ పాడుచేయును. దారి మాత్రము వేరు.

ఇన్ని మీటలు వచ్చిన పిమ్మట వానిని ఎట్లు వాడవలెను? మొదట తంబురాను మ్రోగించి, ఎత్తు టామ్ డ్రమ్మును షడ్జమమునకు, దిగువ టామ్ డ్రమ్మును మంద్ర పంచమమునకు తేవలెను. స్నేర్ డ్రమ్ములో చప్పుడు పాలు హెచ్చు గనుక, అది గాయకుని గొంతుకు అడ్డుపడని చోట నిలిపిన చాలును. బాస్ డ్రమ్మును గురించి మన ఊళ్లలో ఒక విశేషము కలదు. దాని సహజస్థానము సెకనుకు 50 కంపనముల ప్రాంతము. శ్రీరామనవమి పందిళ్లలో కట్టు మైకుసెట్టు కొమ్ము స్పీకర్లు కొన్ని వందల కంపనములకు దిగువనున్న ధ్వనులను సరిగా పలుకజాలవు. ఇంటిలోని చిన్న రేడియో స్పీకరును అంతే. అట్టిచోట బాస్ డ్రమ్ము మ్రోగుచున్నను వినబడదు. దెబ్బ మొదటి ‘టప్పు’ మాత్రమే వినవచ్చును. శ్రుతి మీట ఉన్నచో దానిని పైస్థాయికి తెచ్చి కొంతవరకు వినబడునట్లు చేయవచ్చును. మంచి స్పీకర్లు ఉన్నచోట మరల దించుకొనవచ్చును.

ఒక సందేహము శ్రోతలలో కొందరికి కలుగక మానదు. యంత్రమును ఇంతగా తీర్చిదిద్దినచో మద్దెల వాయించువాని అన్నము పోదా? ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. పెండ్లిలో, పాటకచేరీలో ఒక యంత్రము వచ్చినచోట ఒక వాద్యకారుని చోటు తగ్గుట మనము చూచుచున్నదే. మేము చెప్పగలిగినది ఒకటి. శ్రుతి లేని యంత్రమే వాద్యకారునికి ఎక్కువ హాని. అది శ్రోత చెవిని అపశ్రుతికి అలవాటు చేయును. మద్దెలకు శ్రుతి అక్కరలేదను భ్రమను పెంచును. ఆ భ్రమ బలపడినచో, రాయి కొయ్యముక్క పట్టి అరగడియ శ్రుతి చేసికొను విద్వాంసుని శ్రమ విలువ ఎవరికి తెలియును? శ్రుతి మీటగల యంత్రముతో సాధనచేయు బాలుడు, ఆ మీటను త్రిప్పి తంబురాతో కలుపుకొనుచు, వినుట నేర్చుకొనును. అట్లు వినుట నేర్చినవాడు నిజమైన మృదంగము ఎదుట కూర్చున్ననాడు దానిలోని గొప్పతనమును గుర్తింపగలడు.

కాబట్టి ఇంటిలోనో, భజన మందిరములోనో పాత డ్రమ్ము యంత్రము మూలబడియున్నచో దానిని పారవేయవలదు. తెలిసిన రేడియో మెకానిక్కునకు సర్వీసు పటముతోసహా చూపి, ముందుగా ఒక్క టామ్ డ్రమ్మునకు మాత్రమే మీట అమర్చి వినుడు. అది తంబురాతో కలిసినదని మీ చెవి ఒప్పుకొన్న పిమ్మటనే రెండవదానికి పోవలెను. పటము చెప్పిన లెక్క దారి చూపును. శ్రుతి కుదిరినదని తీర్పు చెప్పవలసినది చెవియే.